విండోస్ 11కి మారాక మొదటి పది రోజులు

అప్‌గ్రేడ్ పూర్తయి డెస్క్‌టాప్ కనబడగానే మౌస్ పట్టుకున్న చెయ్యి తనంతట తానే ఎడమవైపు కింది మూలకి పోతుంది. స్టార్ట్ బటన్ అక్కడ ఉండదు. వాతావరణం బొమ్మ ఉంటుంది. దాని మీద మౌస్ కాస్త నిలిచిందంటే వార్తలతో నిండిన విడ్జెట్స్ పలక లేచి స్క్రీన్‌లో పెద్ద ముక్కని కప్పేస్తుంది. విండోస్ 10 నుంచి వచ్చినవాళ్లకి మొదటి చిరాకు సాధారణంగా ఇక్కడే మొదలవుతుంది. ఇక ఆ రోజంతా ఐకాన్లు సర్దుకోవడంతోనే సరిపోతుంది.

సర్దుకోవడానికి గడువేమీ లేదు, ఎప్పుడైనా చేసుకోవచ్చు. గడువున్న పని వేరే ఉంది, దాన్ని ముందు చూడాలి.

అప్‌గ్రేడ్ చేసినప్పుడు పాత విండోస్ సీ డ్రైవ్‌లో 'విండోస్ డాట్ ఓల్డ్' అనే ఫోల్డర్‌లోకి చేరుతుంది. కొత్తదాంట్లో ఏదైనా ముఖ్యమైన పని ఆగిపోతే దాని సాయంతోనే వెనక్కి వెళ్తాం: సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో రికవరీ, అక్కడ గో బ్యాక్ బటన్. ఈ వెసులుబాటు 10 రోజులే. తర్వాత విండోస్ ఆ ఫోల్డర్‌ని తనే తుడిచేస్తుంది. ఆపైన వెనక్కి వెళ్లాలంటే అన్నీ బ్యాకప్ తీసుకుని మొదట్నుంచి ఇన్‌స్టాల్ చేసుకోవాల్సిందే. గడువు లోపలే ఆ దారి చేజేతులా మూసుకునేవాళ్లూ ఉంటారు. డిస్క్ నిండింది కదా అని టెంపరరీ ఫైల్స్ పేజీకి వెళ్లి 'ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టలేషన్స్' దగ్గర టిక్ పెట్టి తీసేస్తారు. పది రోజులు చాలవని ముందే అనిపిస్తే, గడువు దాటకముందే కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి డిస్మ్ (DISM) అనే విండోస్ సొంత కమాండుతో దాన్ని 60 రోజుల దాకా పెంచుకోవచ్చు. గడువు ముగిశాక ఆ కమాండు వల్ల ఉపయోగం లేదు.

వెనక్కి వెళ్లినా అక్కడ ఎక్కువ కాలం ఉండలేం. విండోస్ 10కి మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. ఇళ్లలో వాడే కంప్యూటర్లకి అదనపు అప్‌డేట్ల పథకంలో నమోదు చేసుకుంటే 2026 అక్టోబరు 13 వరకు వస్తాయి. అందుకే ఈ పది రోజుల్లో తేల్చుకోవాల్సింది కొత్త రూపం నచ్చిందా లేదా అని కాదు, రోజూ చేసే పనులన్నీ నడుస్తున్నాయా లేదా అని. ప్రింటర్, స్కానర్, ఆఫీసు వీపీఎన్, మైకు, కెమెరా, మూత మూసి తెరిచాక ల్యాప్‌టాప్ లేస్తోందా, పక్క కంప్యూటర్‌లోని షేర్డ్ ఫోల్డర్ తెరుచుకుంటోందా, యూఎస్‌బీ డాంగిల్ ఉంటేనే తెరుచుకునే సాఫ్ట్‌వేర్ తెరుచుకుందా... వీటిలో ప్రతిదాన్నీ ఒక్కసారైనా నిజంగా వాడి చూడాలి. నెలకోసారి వాడే స్కానర్‌ని పదకొండో రోజు ఆన్ చేస్తే ఉపయోగం ఉండదు.

మొదటి రోజు కంప్యూటర్ నెమ్మదిగా ఉందని మాత్రం కంగారుపడి వెనక్కి వెళ్లకండి. అప్‌గ్రేడ్ అవగానే విండోస్ ఫైళ్లన్నిటినీ మళ్లీ ఇండెక్స్ చేసుకుంటుంది, స్టోర్ యాప్‌లన్నీ అప్‌డేట్ అవుతాయి, డ్రైవర్లు దిగుతుంటాయి. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద సెర్చ్‌కి సంబంధించిన పేజీలో ఇంకా ఎన్ని ఐటమ్స్ మిగిలాయో అంకె కనిపిస్తుంది. అది సున్నాకి వచ్చేదాకా ల్యాప్‌టాప్‌ని చార్జర్‌కి పెట్టి ఉంచి, ఒక రాత్రి వదిలేయండి. రెండు రోజులయ్యాక కూడా ఫ్యాన్ ఆగకుండా మోగుతుంటే అప్పుడు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్‌లో ఏ ప్రోగ్రామ్ కంప్యూటర్ శక్తిని తింటోందో చూడొచ్చు.

రికవరీ కీ, వన్‌డ్రైవ్

విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ తప్పనిసరి, నమ్మదగిన సాఫ్ట్‌వేర్‌తోనే కంప్యూటర్ లేచేలా చూసే సెక్యూర్ బూట్‌కి తగిన ఏర్పాటూ ఉండాలి. అప్‌గ్రేడ్ కోసం చాలామంది బయోస్‌లోకి (విండోస్ కన్నా ముందు వచ్చే కంప్యూటర్ సొంత సెట్టింగ్స్) వెళ్లి వీటిని ఆన్ చేసి ఉంటారు. డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి, అంటే తాళంచెవి లేకుండా చదవలేని రూపంలో ఉన్న కంప్యూటర్‌లో ఈ మార్పులే ఇబ్బంది తెస్తాయి. డిస్క్ తాళంచెవిని టీపీఎం చిప్ కాపాడుతుంది. కంప్యూటర్ లేచే క్రమం నిన్నటిలాగే ఉందని తేలితేనే ఆ తాళంచెవిని బయటికిస్తుంది. బయోస్ అప్‌డేట్ చేసినా, సెక్యూర్ బూట్ మార్చినా ఆ లెక్క తప్పుతుంది. అప్పుడు 48 అంకెల రికవరీ కీ అడుగుతూ నీలం స్క్రీన్ వస్తుంది. ఆ కీ లేకపోతే డేటా పోయినట్టే, దాన్ని తీయించే వేరే దారి లేదు.

కాబట్టి ఈ రోజే సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉందేమో చూడండి. ప్రో ఎడిషన్ అయితే కంట్రోల్ ప్యానెల్‌లో డిస్క్‌ని ఎన్‌క్రిప్ట్ చేసే బిట్‌లాకర్ పేజీ కూడా చూడండి. ఆన్‌లో ఉంటే మైక్రోసాఫ్ట్ అకౌంట్ వెబ్‌సైట్‌లోని డివైసెస్ పేజీలో ఆ కీ దొరుకుతుంది. దాన్ని కాగితం మీద రాసుకోండి. అదే కంప్యూటర్‌లో ఫైలుగా దాచుకుంటే తాళంచెవి బీరువాలో పెట్టి బీరువాకి తాళం వేసినట్టే. అప్‌గ్రేడ్ చేస్తే ఎన్‌క్రిప్షన్ కొత్తగా ఆన్ అవదు, పాతదాంట్లో ఉన్నది కొనసాగుతుంది. డిస్క్ చెరిపేసి 24హెచ్2 (విండోస్ 11కి 2024 రెండో సగంలో వచ్చిన పెద్ద అప్‌డేట్; 23హెచ్2, 25హెచ్2 కూడా ఇలాంటి పేర్లే) కొత్తగా ఇన్‌స్టాల్ చేసి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే మాత్రం దానంతటదే ఆన్ అవుతుంది, విడిగా మిమ్మల్ని అడగదు.

రెండోది వన్‌డ్రైవ్, అంటే ఇంటర్నెట్‌లో ఫైళ్లు దాచుకోవడానికి మైక్రోసాఫ్ట్ ఇచ్చే చోటు. మొదటిసారి లాగిన్ అయ్యేటప్పుడు వచ్చే స్క్రీన్లలో 'మీ ఫైళ్లని బ్యాకప్ చేస్తాం' అనేది ఒకటి ఉంటుంది. చూడకుండా నెక్స్ట్ కొట్టేస్తే డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లు మూడూ వన్‌డ్రైవ్ ఫోల్డర్ లోపలికి మారిపోతాయి. చూడ్డానికి ఏమీ మారినట్టుండదు. కానీ డెస్క్‌టాప్ అసలు చిరునామా మారింది. పాత చిరునామాని పట్టుకుని పనిచేసే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్లూ, మాక్రోలు రాసిన ఎక్సెల్ షీట్లూ 'ఫైల్ దొరకలేదు' అంటాయి. ఉచితంగా వచ్చే చోటు 5 జీబీ. ఫోటోలున్నవాళ్లకి అది ఏ మూలకీ చాలదు, మర్నాటి నుంచే 'నిండిపోయింది' అని హెచ్చరికలు మొదలవుతాయి.

దీన్ని వద్దనుకుని ఆపేటప్పుడే చాలామంది భయపడతారు. బ్యాకప్ ఆపగానే డెస్క్‌టాప్ ఖాళీ అయినట్టు కనిపించవచ్చు. ఫైళ్లు ఎక్కడికీ పోలేదు, అవి వన్‌డ్రైవ్ ఫోల్డర్‌లోని డెస్క్‌టాప్‌లో ఉన్నాయి, ఇప్పుడు మీరు చూస్తున్నది పాత ఖాళీ డెస్క్‌టాప్. భయం లేకుండా చేయాలంటే వరస ఇది. ముందు ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వన్‌డ్రైవ్ ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి 'ఆల్వేస్ కీప్ ఆన్ దిస్ డివైస్' ఎంచుకోండి. మేఘం గుర్తు ఉన్న ఫైలు మీ డిస్క్‌లో లేదు, పేరు మాత్రమే ఉంది. అన్నిటికీ ఆకుపచ్చ టిక్ వచ్చేదాకా ఆగండి. తర్వాత గడియారం పక్కనున్న వన్‌డ్రైవ్ మేఘాన్ని నొక్కి సెట్టింగ్స్, సింక్ అండ్ బ్యాకప్, మేనేజ్ బ్యాకప్‌లో ఒక్కో ఫోల్డర్‌నీ ఆపండి. ఫైళ్లని ఎక్కడ ఉంచాలని అడిగితే కంప్యూటర్‌లో అని చెప్పండి. అడక్కపోతే వన్‌డ్రైవ్ ఫోల్డర్‌లోంచి కట్ చేసి అసలు డెస్క్‌టాప్‌లో, డాక్యుమెంట్స్‌లో పేస్ట్ చేసుకోండి. ఈ వరస తిరగేసి, ముందు వన్‌డ్రైవ్‌ని అన్‌లింక్ చేస్తే మేఘం గుర్తు ఫైళ్లు డిస్క్ మీద మిగలవు.

షేర్డ్ ఫోల్డర్, ప్రింటర్

24హెచ్2 నుంచి నెట్‌వర్క్ షేరింగ్ విషయంలో విండోస్ పట్టు బిగించింది. ప్రో ఎడిషన్‌లో ఎస్ఎంబీ సైనింగ్ (షేరింగ్‌లో వచ్చే డేటాని మధ్యలో ఎవరూ మార్చలేదని సంతకంతో సరిచూడడం) తప్పనిసరి అయింది, పాస్‌వర్డ్ లేకుండా గెస్ట్‌గా వెళ్లే దారి మూసేశారు. పాత నెట్‌వర్క్ హార్డ్ డిస్కులూ, పెన్‌డ్రైవ్ గుచ్చి షేర్ చేసే రౌటర్లూ ఇలా గెస్ట్ దారిలోనే నడిచేవి. నిన్నటిదాకా తెరుచుకున్న ఫోల్డర్ ఇవాళ తెరుచుకోకపోతే కేబుళ్లు పీకి చూడక్కర్లేదు. ఆ డిస్క్ సెట్టింగ్స్‌లో ఒక యూజర్ పేరూ పాస్‌వర్డూ పెట్టి, దాని సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసి, విండోస్‌లో ఆ పేరుతో లాగిన్ అవ్వండి. సైనింగ్‌ని ఆపేయడం కుదురుతుంది, నెట్‌లో ఆ సలహానే ఎక్కువ కనిపిస్తుంది. పరికరం మరీ పాతదై వేరే దారి లేనప్పుడు తప్ప అటు పోకపోవడమే మంచిది.

ప్రింటర్ దగ్గర తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. సెట్టింగ్స్‌లో బ్లూటూత్ అండ్ డివైసెస్, ప్రింటర్స్ అండ్ స్కానర్స్ పేజీ కిందికి వెళ్తే 'లెట్ విండోస్ మేనేజ్ మై డిఫాల్ట్ ప్రింటర్' అని ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే చివరిసారి వాడినదే డిఫాల్ట్ అవుతుంది. ఒకసారి పీడీఎఫ్‌గా సేవ్ చేశారంటే తర్వాతి ప్రింట్ కాగితం మీదికి రాదు, 'ఎక్కడ సేవ్ చేయాలి' అని అడుగుతుంది. ప్రింటర్ పాడైందనుకుంటాం. ఆ టాగుల్ ఆపేసి, మీ ప్రింటర్‌ని తెరిచి 'సెట్ యాజ్ డిఫాల్ట్' నొక్కితే సరి.

టాస్క్‌బార్: చెయ్యి వెతికే చోటు

ఇక్కడి నుంచి గడువు లేని పనులు. నా లెక్క ఒకటే: చెయ్యి రోజుకి వందసార్లు చేసే పనిని పాత పద్ధతికి మార్చుకోండి, కన్ను రోజుకి రెండుసార్లు వెతికేదాన్ని కొత్త పద్ధతిలోనే నేర్చుకోండి. అన్నిటినీ పాతలా చేయాలని పట్టుబడితే ప్రతి పెద్ద అప్‌డేట్ తర్వాతా మళ్లీ మొదటికొస్తుంది.

స్టార్ట్ బటన్ మొదటి కోవలోది. మూలలో ఉన్న బటన్‌కి గురి అక్కర్లేదు. మౌస్‌ని అటు విసిరితే స్క్రీన్ అంచే దాన్ని ఆపుతుంది. మధ్యలో పెట్టిన స్టార్ట్‌కి ఆ సుఖం లేదు. పైగా అది ఒక చోట నిలవదు. ఐకాన్ల వరస మొత్తం మధ్యకి సర్దుకుంటుంది కాబట్టి కొత్త ప్రోగ్రామ్ తెరిచిన ప్రతిసారీ స్టార్ట్ అర ఐకాన్ ఎడమకి జరుగుతుంది, మూసేస్తే మళ్లీ కుడికి వస్తుంది. నాలుగు ప్రోగ్రాములు తెరిచి ఉన్నప్పుడు ఎక్కడుందో ఎనిమిది ఉన్నప్పుడు అక్కడ ఉండదు. చేతికి అలవాటు కావడానికి స్థిరమైన చోటు కావాలి, అది ఇక్కడ లేదు. టాస్క్‌బార్ ఖాళీ చోట రైట్ క్లిక్ చేసి టాస్క్‌బార్ సెట్టింగ్స్, అందులో అన్నిటికన్నా కింద టాస్క్‌బార్ బిహేవియర్స్, అలైన్‌మెంట్ దగ్గర లెఫ్ట్ పెట్టండి. అప్పుడు వాతావరణం బొమ్మ కుడివైపు గడియారం దగ్గరికి పోతుంది. అదే పేజీ పైన విడ్జెట్స్‌ని పూర్తిగా ఆపేయొచ్చు కూడా.

అదే బిహేవియర్స్‌లో 'కంబైన్ టాస్క్‌బార్ బటన్స్ అండ్ హైడ్ లేబుల్స్' ఉంది. ఒకేసారి నాలుగైదు వర్డ్ ఫైళ్లు తెరిచి పనిచేసేవాళ్లు దాన్ని నెవర్‌కి మార్చుకోవాలి, ఒక్కో ఫైలు పేరూ విడిగా కనిపిస్తుంది. 2021 అక్టోబరులో విండోస్ 11 మొదట వచ్చినప్పుడు ఈ సదుపాయం లేదు. 2023లో 23హెచ్2 సమయానికి తిరిగొచ్చింది. ఫైలుని లాగి టాస్క్‌బార్‌లోని ప్రోగ్రామ్ మీద వదలడం కూడా మొదట్లో లేదు, 2022లో వచ్చింది. అందుకే 'విండోస్ 11లో ఇది కుదరదు' అని నెట్‌లో కనిపిస్తే ఆ మాట ఏ ఏడాదిదో చూసుకోండి.

టాస్క్‌బార్‌ని స్క్రీన్ పైకి గానీ పక్కకి గానీ మార్చడం 25హెచ్2 విడుదలైనప్పటికి కూడా సెట్టింగ్స్‌లో లేదు. బయటి సాఫ్ట్‌వేర్లు ఆ పని చేస్తాయి. అవి ఎక్స్‌ప్లోరర్ లోపలికి చొరబడి పనిచేస్తాయి కాబట్టి నెలవారీ అప్‌డేట్ పడిన రోజు టాస్క్‌బార్ మాయమవడమో, స్క్రీన్ నల్లగా ఉండిపోవడమో జరగొచ్చు. అలా అయితే టాస్క్ మేనేజర్‌లో విండోస్ ఎక్స్‌ప్లోరర్ వరసని పట్టుకుని రీస్టార్ట్ చేసి, ఆ సాఫ్ట్‌వేర్‌ని తీసేయండి. ఇంటర్వ్యూ ఉన్న రోజు పొద్దున ఈ పని పెట్టుకునే ఓపిక ఉంటేనే వేసుకోండి.

గడియారం వైపు కూడా కొంత మారింది. వైఫై, స్పీకర్, బ్యాటరీ మూడు విడి ఐకాన్లలా కనిపిస్తాయి గానీ ఏది నొక్కినా ఒకటే పలక తెరుచుకుంటుంది. విండోస్ కీతో ఎ నొక్కినా అదే వస్తుంది. తేదీ నొక్కితే క్యాలెండరూ నోటిఫికేషన్లూ కలిసి వస్తాయి, దానికి విండోస్ కీతో ఎన్. శబ్దం పెంచడానికి పలక తెరవక్కర్లేదు, స్పీకర్ బొమ్మ మీద మౌస్ పెట్టి చక్రం తిప్పితే చాలు. హెడ్‌ఫోన్‌కీ స్పీకర్‌కీ మధ్య మారాలంటే విండోస్, కంట్రోల్, వి కలిపి నొక్కండి. విండోస్ 10లో ఉన్న 'అన్ని ఐకాన్లూ ఎప్పుడూ చూపించు' అనే ఒకే స్విచ్ ఇక్కడ లేదు. టాస్క్‌బార్ సెట్టింగ్స్‌లో 'అదర్ సిస్టమ్ ట్రే ఐకాన్స్' కింద ఒక్కోదాన్నీ ఆన్ చేయాలి, కొత్త ప్రోగ్రామ్ వేసినప్పుడల్లా మళ్లీ.

స్టార్ట్ మెనూలో లైవ్ టైల్స్ పోయాయి, రావు. 2025 చివరి అప్‌డేట్ల నుంచి పిన్ చేసినవీ మొత్తం యాప్‌ల జాబితా ఒకే పేజీలో కింద కింద కనిపిస్తున్నాయి. మీ దాంట్లో ఇంకా 'ఆల్' అనే బటన్ విడిగా ఉంటే మీది అంతకు ముందరి రూపం. పవర్ బటన్ పక్కన సెట్టింగ్స్, డౌన్‌లోడ్స్ లాంటి షార్ట్‌కట్లు కావాలంటే పర్సనలైజేషన్, స్టార్ట్, ఫోల్డర్స్‌లో ఆన్ చేసుకోవచ్చు. అదే పేజీలో ఒక మెలిక ఉంది. స్టార్ట్‌లో కింద ఇటీవలి ఫైళ్లు కనబడకూడదని 'రికమెండెడ్ ఫైల్స్' స్విచ్ ఆపేస్తారు. ఆ స్విచ్ పేరు చివరిదాకా చదవండి: ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లోని రీసెంట్ ఫైళ్లూ, టాస్క్‌బార్ ఐకాన్ మీద రైట్ క్లిక్ చేస్తే వచ్చే ఇటీవలి ఫైళ్ల జాబితా కూడా దానితో పాటే పోతాయి. ఎక్సెల్ ఐకాన్ మీద రైట్ క్లిక్ చేసి నిన్నటి షీట్ తెరిచే అలవాటు ఉంటే దాన్ని కదపొద్దు.

రైట్ క్లిక్ మెనూ

ఫైలు మీద రైట్ క్లిక్ చేస్తే కట్, కాపీ, రీనేమ్, డిలీట్ మాటలుగా లేవు, ఒక వరస బొమ్మలుగా ఉన్నాయి. 24హెచ్2లో వాటి కింద పేర్లు కూడా వేశారు. తమాషా ఏమిటంటే ఆ వరస ఎప్పుడూ పైనే ఉండదు. మెనూ కిందికి తెరుచుకుంటే పైన, స్క్రీన్ అడుగున ఉన్న ఫైలు దగ్గర మెనూ పైకి తెరుచుకుంటే కింద. మౌస్‌కి దగ్గరగా ఉండాలని అలా పెట్టారు. ఆలోచన మంచిదే, కానీ డిలీట్ ఒకసారి పైన ఒకసారి కింద ఉంటే చెయ్యి తడబడుతుంది.

మిగతా ఆప్షన్లు 'షో మోర్ ఆప్షన్స్' వెనక్కి ఎందుకు పోయాయంటే, పాత మెనూలోకి ప్రతి సాఫ్ట్‌వేర్ తన ముక్కని దూర్చేది. జిప్ ప్రోగ్రాములూ యాంటీవైరస్‌లూ గ్రాఫిక్స్ డ్రైవర్లూ అన్నీ ఎక్స్‌ప్లోరర్‌లోనే లోడ్ అయ్యేవి, ఒకటి మొరాయిస్తే మెనూ మొత్తం ఆగిపోయేది. కొత్త మెనూలోకి కొత్త పద్ధతిలో రాసినవాటినే రానిస్తున్నారు. పాత సాఫ్ట్‌వేర్ ఆప్షన్ కనబడలేదంటే అది పోలేదు, ఇంకో మెట్టు కింద ఉంది. షిఫ్ట్ పట్టుకుని రైట్ క్లిక్ చేస్తే నేరుగా పాత మెనూనే వస్తుంది. విండోస్ తన సెట్టింగ్స్ దాచుకునే రిజిస్ట్రీలో ఒక కీ చేర్చి పాతదాన్నే శాశ్వతంగా పెట్టుకోవచ్చు కూడా. అంతకు ముందు రెండు వారాలు కీబోర్డుతో నడిపి చూడండి: పేరు మార్చడానికి ఎఫ్2, ప్రాపర్టీస్‌కి ఆల్ట్‌తో ఎంటర్, ఫైలు పూర్తి చిరునామా కాపీకి కంట్రోల్, షిఫ్ట్, సి. ఈ మూడూ వేళ్లకి వస్తే రైట్ క్లిక్ చేయాల్సిన అవసరం సగానికి సగం తగ్గుతుంది.

ఎక్స్‌ప్లోరర్‌లో వరసల మధ్య ఎడం ఎక్కువగా అనిపిస్తే వ్యూ మెనూలో కాంపాక్ట్ వ్యూ పెట్టుకోండి. టచ్ స్క్రీన్ లేనివాళ్లకి ఆ ఎడంతో పనేముంది! ఫైల్ ఎక్స్‌టెన్షన్లు అదే మెనూలో షో కింద ఉంటాయి. తెరవగానే హోమ్ కాకుండా డ్రైవులు కనబడాలంటే మూడు చుక్కలు నొక్కి ఆప్షన్స్‌లో దిస్ పీసీ ఎంచుకోండి. కంట్రోల్‌తో టి నొక్కితే బ్రౌజర్‌లోలా ట్యాబ్ వస్తుంది. కొత్త విండోస్‌లో వెనక్కి తీసుకోబుద్ధి కాని మార్పు ఏదైనా ఉందంటే ఇదే.

కిటికీలు పక్కపక్కన పేర్చే స్నాప్ లేఅవుట్లు కూడా బాగుంటాయి, కాకపోతే మాక్సిమైజ్ బటన్ మీదికి మౌస్ వెళ్లిన ప్రతిసారీ ఆ పెట్టె ఊడిపడుతుంది. సిస్టమ్, మల్టీటాస్కింగ్, స్నాప్ విండోస్‌లో హోవర్‌కీ, పైకి లాగినప్పటికీ ఉన్న రెండు టిక్కులు తీసేసి, కావాల్సినప్పుడు విండోస్ కీతో జెడ్ నొక్కండి.

తెలుగు టైపింగ్

అప్‌గ్రేడ్ చేస్తే పాత కీబోర్డులు అలాగే వస్తాయి. డిస్క్ చెరిపి కొత్తగా వేస్తే మాత్రం మళ్లీ చేర్చుకోవాలి: టైమ్ అండ్ లాంగ్వేజ్, లాంగ్వేజ్ అండ్ రీజియన్‌లో తెలుగు చేర్చి, దాని పక్క మూడు చుక్కల్లో లాంగ్వేజ్ ఆప్షన్స్‌కి వెళ్లి, యాడ్ ఎ కీబోర్డ్ నొక్కండి. భారతీయ భాషల ప్రామాణిక కీబోర్డ్ ఇన్‌స్క్రిప్ట్‌తో పాటు ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టే ఫొనెటిక్ కూడా అక్కడే ఉంటుంది. విండోస్ కీతో స్పేస్ నొక్కినప్పుడు మీరు పెట్టని ఇంగ్లిష్ కీబోర్డ్ ఒకటి అదనంగా మధ్యలో వస్తుంటే, ఇంగ్లిష్ లాంగ్వేజ్ ఆప్షన్స్‌లో దాన్ని రిమూవ్ చేయండి. జాబితాలో లేకుండానే వస్తుంటే ఒకసారి చేర్చి, మళ్లీ తీసేయండి. వింతగా ఉంటుంది గానీ పనిచేస్తుంది. బ్రౌజర్‌లో తెలుగు, ఎక్సెల్‌లో ఇంగ్లిష్ విడివిడిగా గుర్తుండాలంటే టైపింగ్ పేజీలోని అడ్వాన్స్‌డ్ కీబోర్డ్ సెట్టింగ్స్‌లో ఒక్కో యాప్ విండోకి ఒక్కో కీబోర్డ్ అనే టిక్ పెట్టుకోవాలి.

కొత్త ఇన్‌స్టలేషన్‌లో ఇంకో లోటు గౌతమి, వాణి ఫాంట్లు లేకపోవడం. విండోస్‌తో నేరుగా వచ్చే తెలుగు ఫాంట్ నిర్మల యూఐ. గౌతమిలో తయారుచేసిన పాత డాక్యుమెంట్ తెరిస్తే అక్షరాలు కనబడతాయి గానీ వెడల్పులు వేరు కాబట్టి వరసలు వేరే చోట విరిగి, పది పేజీలది పదకొండో పేజీలోకి పోతుంది. సిస్టమ్‌లో ఆప్షనల్ ఫీచర్స్‌కి వెళ్లి తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ వేసుకుంటే సర్దుకుంటుంది.

కనబడనివి

వర్డ్‌ప్యాడ్ 24హెచ్2తో తీసేశారు. ఆర్‌టీఎఫ్ ఫైళ్లుంటే వర్డ్ గానీ లిబ్రేఆఫీస్ గానీ కావాలి. మెయిల్, క్యాలెండర్ యాప్‌ల స్థానంలో కొత్త అవుట్‌లుక్ వచ్చింది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లోనే నడిచే పాత ఆఫీసు వెబ్‌సైట్ ఉంటే ఎడ్జ్ సెట్టింగ్స్‌లో డిఫాల్ట్ బ్రౌజర్ కింద ఐఈ మోడ్‌కి అనుమతిచ్చి ఆ చిరునామా చేర్చండి. అది 30 రోజులే గుర్తుంటుంది. నెల తర్వాత సైట్ మళ్లీ పనిచేయకపోతే కారణం అదే, మళ్లీ చేర్చాలి.

నోట్‌ప్యాడ్ ఉంది గానీ స్వభావం మారింది. సేవ్ చేయకుండా మూసినా, మళ్లీ తెరవగానే నిన్నటి ట్యాబులన్నీ అలాగే ఉంటాయి. పాస్‌వర్డో ఖాతా నంబరో తాత్కాలికంగా అందులో అతికించి, మూసేస్తే పోతుందిలే అనుకునే అలవాటు ఉంటే ఇకపై పోదు. గేర్ గుర్తులో 'వెన్ నోట్‌ప్యాడ్ స్టార్ట్స్' దగ్గర కొత్త సెషన్‌తో మొదలయ్యేలా మార్చుకోండి.

నెట్‌వర్క్ కార్డుల పాత కిటికీ కోసం వెతుకుతుంటే అది నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, అడ్వాన్స్‌డ్ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో 'మోర్ నెట్‌వర్క్ అడాప్టర్ ఆప్షన్స్' వెనక ఉంది. పీడీఎఫ్‌లు ఎడ్జ్‌లో తెరుచుకుంటుంటే యాప్స్, డిఫాల్ట్ యాప్స్ పేజీ పైనున్న పెట్టెలో చుక్క పెట్టి పీడీఎఫ్ అని ఇంగ్లిష్‌లో కొట్టి, వచ్చిన వరసలో మీ రీడర్‌ని ఎంచుకోండి. బ్రౌజర్ మార్చడానికి అయితే బ్రౌజర్ పేరు తెరిచి పైనున్న సెట్ డిఫాల్ట్ నొక్కితే చాలు.

వెనక్కి వెళ్లక్కర్లేదని తేలాక మిగిలేది విండోస్ డాట్ ఓల్డ్ ఫోల్డర్. అది పదుల జీబీలు ఆక్రమిస్తుంది. గడువు దాటేలోపు ఒకసారి దాని లోపల యూజర్స్‌లో మీ పేరున్న ఫోల్డర్ తెరిచి చూడండి. అప్‌గ్రేడ్‌లో ఫైళ్లు మామూలుగా కొత్త చోటికి వచ్చేస్తాయి, కానీ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు 'నథింగ్' ఎంచుకుని ఉంటే డాక్యుమెంట్లూ ఫోటోలూ ఇంకా అక్కడే ఉండిపోతాయి. కావాల్సినవి కాపీ చేసుకున్నాక సెట్టింగ్స్, సిస్టమ్, స్టోరేజ్, టెంపరరీ ఫైల్స్‌లో ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టలేషన్స్‌కి టిక్ పెట్టి తీసేయండి. అదే జాబితాలో డౌన్‌లోడ్స్ ఫోల్డర్ కూడా ఒక వరసగా ఉంటుంది. రిమూవ్ నొక్కేముందు దాని పక్కన టిక్ లేదని చూసుకోండి.